బాయిల మందు

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోస్తాను. నాతో పనిచేసిన పంతుళ్లు నా మాటను చేటలో పోసి చెరిగి, పొల్లు ఎగిరిపోగా మిగిలింది మాత్రమే ఇంటికి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ పొల్లు ఉంది. అది ఎక్కడుందో చివర నేనే చెప్పేస్తాను. మీరు కనుక్కోలేరని కాదు. దాచిపెట్టుకునే ఓపిక నాకు ఈ మధ్య తగ్గింది.

మొన్న రఘునాథపల్లిలో కొత్త పంతుళ్లకు శిక్షణ పెట్టి, పాత సామాను కదా అని నన్ను కూడా పిలిచారు. కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, మాట్లాడమని మాత్రం అనలేదు. కూర్చుని విన్నాను. చిన్న పిల్లలకు సెల్లు, కంప్యూటరు ఎట్లా వాడాలో బడిలోనే నేర్పాలట. అందులో వచ్చే మాటల్లో ఏది నమ్మాలి, ఏది నలుగురికి పంపాలి, ఎదుటి మనిషి పరువు తీయకుండా ఎట్లా మసలుకోవాలి, ఇవన్నీ పాఠాలు. చాయ్ దగ్గర ఒక కుర్ర పంతులు నా మీద జాలిపడ్డాడు.

"మీ కాలంల గివన్నీ లెవ్వు సార్. ఎక్కాలు చెప్పుకుంట హాయిగ బతికిండ్రు."

ఎక్కాలు చెప్పుకుంటూ హాయిగా బతికిన మనిషిని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. అతనికి జవాబు చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది. ఇప్పుడు రాస్తున్నాను. నాయినా, మా కాలంలో సెల్లు లేదు. హారన్ ఉండేది.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పటిదాకా మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. రైలు కూత వింటూ లేచి, రైలు కూత వింటూ పడుకునే సుఖమైన ఉద్యోగం. అక్కడ ఒక సభలో మా అధికారి ముక్కుతో మాట్లాడిన ఉపన్యాసాన్ని, సభ అయిపోయాక నలుగురు స్నేహితుల ముందు అచ్చం అట్లాగే చేసి చూపించాను. మైకు బందు చేశారనుకున్నాను. చేయలేదు. కూరగాయల బజారులో ఉన్న అధికారి గారి భార్య ఆ ముక్కు గొంతు విని, సంచి అక్కడే పెట్టి సభ దిక్కు వచ్చిందని తర్వాత చెప్పారు. ఆ నెల తిరగకముందే నాకు టేకుమట్ల అవతల ఒక ఊరికి బదిలీ అయింది.

ఆ ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రోడ్డు మీద గుంతలు ఎట్లా ఉండేవంటే, బస్సు ఒక గుంతలో దిగితే వెనక వచ్చే ఎడ్లబండివాడికి టాపు మీది గడ్డిమోపు మాత్రమే కనపడేది. బడి అంటే ఒక పెద్ద గది, ముందు వసారా, పైన పెంకులు. నేనూ పెద్దసారూ, ఇద్దరమే. పెద్దసారు మంచివాడు. ఆయనకు ప్రపంచంలో భయపడే వస్తువులు రెండే ఉండేవి: మెమో, కడుపునొప్పి. మిగిలిన సమయంలో నిద్రపోయేవాడు.

నేను చేరిన కొద్ది రోజులకే పంచాయతీకి మైకు సెట్టు వచ్చింది. ఆ ఊర్లో సగం భూమి తమదే అయిన ఇంటి మనిషి సర్పంచు. పంచాయతీ ఆఫీసుకు తలుపుంది గాని గొళ్లెం లేదు. అందుకని సెట్టును మా బడి బీరువాలో పెట్టి, హారన్‌ను బడి పైకప్పు మీద కట్టించి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నీకు మైకు సంగతి బాగ తెలుసంటగద సారూ" అన్నాడు. నా కీర్తి నాకంటే ముందు బస్సులో వచ్చింది.

మొదటి రోజు హారన్ పెట్టగానే వచ్చిన కీచుమనే శబ్దానికి ఊళ్లో కాకులు లేచిపోయి దసరాకు గాని తిరిగి రాలేదు. పెంకులు అదిరి రెండు జారిపడ్డాయి. వాగు అవతలి ఊర్లో ఒక బర్రె పాలు ఇవ్వడం మానేసిందని పంచాయితీ కూడా అయింది. ఇదంతా ఎట్లా ఉన్నా, అసలు సంగతి వేరే ఉంది. మనిషి నోటితో చెబితే "అట్లనా" అనే జనం, అదే మాట హారన్‌లో వస్తే ఇక అడగడమే మానేశారు. "హారన్‌ల చెప్పిండ్రు" అంటే రుజువైపోయినట్టే. మేక తప్పిపోతే హారన్, బియ్యం వస్తే హారన్. ఒకరోజు ఎవడో నన్ను ఏమార్చి మైకు పట్టుకుని, ఫలానా వాని కోడలు అలిగి పుట్టింటికి పోయిందని కూడా చెప్పేశాడు. ఆ పిల్ల నిజానికి పొలానికి పోయింది. తిరిగి వచ్చేసరికి ఇంటిముందు ఓదార్చేవాళ్లు బారులు తీరి ఉన్నారు.

అప్పుడు మొదలుపెట్టాను పిల్లలకు ఆ పాఠం. పుస్తకంలో లేదు. పైనుంచి ఎవరూ చెప్పమనలేదు. ఎందుకు చెప్పానంటే, దానికి నా పాత దెబ్బ ఒకటి ఉంది. అరవై తొమ్మిదిలో నేను జనగామలో చదువుకుంటున్నాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో గొంతు చించుకుని అరిచాను, రైలుపట్టాల మీద కూర్చున్నాను. ఆ రోజుల్లో ఒక చాయ్ హోటల్లో ఎవరో పరీక్షలు లేవన్నారు. ఎవరన్నారని అడగలేదు. నేను ఇంకో పదిమందికి చెప్పాను. పరీక్షలు జరిగాయి. మేము చాయ్ తాగుతున్నాం. ఒక ఏడాది చాయ్‌లో కరిగిపోయింది.

మూడు, నాలుగు తరగతుల పిల్లలను వసారాలో వరసగా కూర్చోబెట్టి, ఒకరి చెవిలో చెప్పిన మాట చివరిదాకా పోనిచ్చేవాణ్ణి. "ఎల్లుండి సంతకు ఎడ్లు వస్తయ్" అని నేను మొదటివాని చెవిలో వేస్తే, చివరివాడు లేచి "ఎల్లిగడ్డ సంచిల ఎలుక చచ్చింది" అని ప్రకటించేవాడు. నవ్వి నవ్వి పిల్లలు దొర్లేవాళ్లు. అప్పుడు అడిగేవాణ్ణి.

"మరి హారన్‌ల ఏం చెప్పాలె?"

"మన కండ్లతోని చూసిందే చెప్పాలె సార్."

"చూడంది చెప్పాల్సి వస్తే?"

"ఎవరు చెప్పిండ్రో వాళ్ల పేరు చెప్పాలె సార్."

"ఒగలింటి సంగతి?"

"ఇంట్లోల్లను అడగకుంట చెప్పొద్దు సార్."

ఇంతే నా పాఠం. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్లనో పిల్లవాణ్ణో మైకు ముందు నిలబెట్టి, ఊరికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పించేవాణ్ణి. వాళ్లందరిలో కిరాణం శేఠు బిడ్డ గొంతు గొప్పది. నాలుగో తరగతి. తండ్రి దుకాణం ముందు నిలబడి ధరలు చెప్పీ చెప్పీ ఆ గొంతు కంచులాగా తయారైంది. నియమాల్లో ఆమె నన్ను మించింది. ఒకరోజు "ఇయ్యాల వాన పడుతదని చెప్పు బిడ్డా" అంటే, "మీరు చూసిండ్రా సార్?" అని అడిగి నా నోరు మూయించింది.

ఇక ఊరి నర్సు, మా నర్సమ్మ సంగతి. కోస్తాలో కృష్ణా ఒడ్డు దిక్కునుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. పంచాయతీ వాళ్లిచ్చిన ఒక గదిలో ఒంటరిగా ఉండేది. ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతి మీదే అయ్యాయి. అయినా ఆమె నోరు విప్పితే చాలు, పిల్లలనుంచి ముసలివాళ్ల దాకా "ఏమండీ, మేకండీ, రాండీ, పోండీ" అని రాగం తీసేవాళ్లు. సినిమాల్లో మా మాటను ఎన్నేళ్లు వెక్కిరించారో, ఆ కసి అంతా ఊరు ఆమె ఒక్కదాని మీద తీర్చుకునేది. ఆమె నవ్వి ఊరుకునేది. కాదు, నవ్వుతున్నట్టు కనపడేది.

ఆ ఎండాకాలం వాగు అవతలి ఊర్లో కక్కుడు, పారుడు అనే వాంతులు, విరేచనాల రోగం మొదలైంది. నర్సమ్మ పొద్దున్నే బ్లీచింగ్ పౌడర్ సంచి పట్టుకుని మంచినీళ్ల బావి దగ్గరికి పోయి, బకెట్‌లో కలిపి బావిలో పోసి, నేరుగా బడికి వచ్చింది.

"మాస్టారూ, బావిలో మందు కలిపానండీ. మధ్యాహ్నం దాకా ఎవరూ నీళ్లు తోడొద్దని మైకులో చెప్పించండి."

నేను శేఠు బిడ్డను పిలిచాను. ఆ పిల్ల నియమాల మనిషి కదా, ముందు అడిగింది. "నేను కలుపంగ చూడలే గద సార్?" నర్సమ్మ నవ్వి, మిగిలిన పొడితో ఆ పిల్లను బావి దగ్గరికి తీసుకుపోయి, ఇంకో బకెట్ కలిపి ఆమె ఎదుటే పోసింది. పిల్ల ఉరుక్కుంటూ వచ్చి మైకు పట్టింది.

"నేను నాలుగో తరగతి పిల్లను. నా కండ్లతోని చూసి చెప్తున్న. నర్సమ్మ మన బాయిల మందు కలిపింది. పగటిదాంక ఎవ్వలు నీళ్లు చేదొద్దు. గీ మాట చెప్పుమన్నది గూడ నర్సమ్మనే."

చూసింది చెప్పింది. చెప్పమన్నవాళ్ల పేరు చెప్పింది. అడగకుండా ఎవరింటి సంగతీ చెప్పలేదు. పెద్దసారు నిద్రలోంచి లేచి మరీ "శాబాష్" అన్నాడు. నేను గర్వంగా సుద్దముక్క తీసుకుని బోర్డు దిక్కు తిరిగాను.

మా దిక్కు దవాఖానలో ఇచ్చేవి గోళీలు, సూదులు. మందు అంటే చేనుకు కొట్టేది. "మందు తాగిండు" అని ఒక్క మాట వినపడితే చుట్టాలు పని వదిలేసి బయలుదేరతారు. అదీ కాక "ఆమె మందు పెట్టింది" అంటే ఇంకోటి: అన్నంలో కలిపి మనిషిని లోబరుచుకునేది, దానికి విరుగుడు చేసేవాడు వేరే ఊర్లో ఉంటాడు. ఇవన్నీ పుట్టినప్పటినుంచి నాకు తెలుసు. కాని పంతులుగా పనిచేసీ చేసీ, బడి లోపల ఉన్నప్పుడు నాకు పుస్తకంలోని అర్థాలే వినపడడం మొదలైంది.

ఊరికి మాత్రం ఊరి అర్థమే వినపడింది. పొద్దున్నే నీళ్లు తాగినవాళ్లందరూ నోట్లో వేళ్లు పెట్టుకున్నారు. కుండలు బోర్లించిన నీళ్లకు వీధుల్లో బురదై, ఎండాకాలంలో కప్పలు అరిచాయి. చింతపండు రసం తాగి కక్కుకున్నవాళ్లు కొందరు, పేడనీళ్లు తాగినవాళ్లు కొందరు. ఒకడు మాత్రం చెంబు పట్టుకుని బావి దిక్కు ఉరికాడు. వానికి మందు అంటే మూడో అర్థం ఒక్కటే తెలుసు. మా పెద్దసారు పొద్దున చాయ్ తాగి ఉన్నాడు. బల్ల మీద వెల్లకిలా పడుకుని నా చేయి పట్టుకున్నాడు.

"నాకేమన్నయితే మహబూబాబాద్‌ల మా తమ్మునికి టెలిగ్రాం ఇయ్యి."

"అది బ్లీచింగ్ పౌడర్ సార్. మీరు చాయ్ తాగినంకనే కలిపింది."

"గది నాకెరుకనే. నా కడుపుకు ఎరుక గావాలె గద."

నేను నర్సమ్మ గది దగ్గరికి పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. సర్పంచు ముందు నిలబడ్డాడు. ఆమె గడపలో నిలబడి ఉంది.

"ఏం కలిపినవమ్మా బాయిల?" అని ఒక ముసలవ్వ అడిగింది.

"మందేనండీ. మీ మంచి కోసమేనండీ."

"చూసిండ్రా, ఆమెనే ఒప్పుకుంటాంది" అన్నారు గుంపులోంచి.

"నా మనుమడు పొద్దుగాల చెంబెడు తాగిండు. ఆని కడుపు గుడగుడమంటాంది" అన్నది ముసలవ్వ.

వెనకనుంచి ఒకతను అన్నాడు. "అరవై తొమ్మిదిల పొమ్మంటే పోలే. గిప్పుడు మన బాయిల పడ్డరు."

అరవై తొమ్మిదిలో జనగామలో పొమ్మని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పొద్దు ఆ గుంపులో నర్సమ్మ తరఫున మాట్లాడటానికి ఉన్నది కూడా నేనొక్కణ్ణే. నా బతుకులో ఇట్లాంటివి చాలా ఉన్నాయి, నవ్వుకోవడానికి కూడా అలసట వస్తుంది.

"సర్పంచు సాబ్, అది పురుగులు చంపే పొడి" అన్నాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను.

"పురుగుల మందేనట. సారు గూడ చెప్తుండు" అన్నారు ఎవరో.

సర్పంచు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. "సారూ, నాకు ఎరుకే. కని ఊరు ఊకుంటలేదు. కండ్ల చూసినోల్ల మాట నమ్మాలెనని మీరే నేర్పితిరి. ఆ పోరి కండ్ల చూసిన అన్నది. ఇగ హారన్‌ల వచ్చిందాన్ని నేనెట్ల కాదంట? రేపు పొద్దుగాల బస్సుకు ఆమెను పొమ్మను. జర సల్లవడ్డంక చూద్దాం."

నర్సమ్మ విన్నది. లోపలికి పోయి పెట్టె మంచం కిందినుంచి బయటికి లాగింది. ఆ ఊర్లో ఆమె ఉద్యోగం, ఆమె చేతి మీద పుట్టాల్సిన పిల్లలు, అన్నీ ఆ పెట్టెలోకి పోవడం మొదలయ్యాయి.

సాయంత్రం శేఠు బిడ్డ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఆ పిల్లకు ఏడుపు కంటే లెక్క ముఖ్యం.

"సార్, నేను అబద్ధం చెప్పిన్నా?"

"లేదు బిడ్డా."

"చూడకుంట చెప్పిన్నా?"

"లేదు."

"మరి నర్సమ్మ పెట్టె ఎందుకు సదురుతాంది?"

నా సర్వీసులో ఎందరో తనిఖీ అధికారులు నన్ను ప్రశ్నలు అడిగారు. వాళ్లందరికీ జవాబు చెప్పాను. ఈ పిల్లకు మాత్రం, "నువ్వు చెప్పిన మాట వేరు, ఊరు విన్న మాట వేరు" అన్నాను. ఆ పిల్ల "గట్లయితే ఇంకో మాట దేవులాడుదాం" అన్నది.

వసారాలో మిగిలిన పిల్లలు కూడా చేరారు. మందుకు బదులు ఏ మాట చెప్పాలి? ఒకడు "తెల్ల పొడి" అన్నాడు. ఇంకోడు "గోడలకు కొట్టే దోమల మందు గూడ తెల్లగనే ఉంటదిర" అన్నాడు. "సున్నం అందాం." "సున్నం తింటే నోరు కాలుతది." "నర్సమ్మ దేవుని పేరు మీద పోసిందందాం." "చూసినవార నువ్వు?" చీకటి పడేదాకా తెలుగు భాష మొత్తం వెతికారు. ఏ మాట ముట్టుకున్నా దానికి వెనక ఒక భయం తగిలి ఉంది.

శేఠు బిడ్డ లేచి నర్సమ్మ గదికి పోయింది. నేనూ వెంట నడిచాను. "నర్సమ్మా, నువ్వు గా బాయి నీళ్లు తాగుతవా?" అని అడిగింది. ఆమె ఆ పిల్లను చూసి, పెట్టె మూత వేసి, చేద తీసుకుని బావికి నడిచింది. నీళ్లు చేది తాగింది. పిల్ల దోసిలి పట్టింది. నేను ఆపేలోపు తాగేసింది. తర్వాత నేనూ తాగాను. కొంచెం వాసన వచ్చింది. ఆ మాటకొస్తే మా బడి కుండలో నీళ్లకు అంతకంటే ఎక్కువ వాసన.

ఆ సంగతి తెలిసి శేఠు బడికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, గట్టిగా మాట్లాడితే గిరాకీ పోతుంది. "సారూ, మేము అందరితోని బతికేటోళ్లం. నా బిడ్డ నోరు ఇగ మైకుల వద్దు" అన్నాడు. పిల్ల తండ్రి వేలు పట్టుకుని, "బాపూ, గీ ఒక్క దినం. నేను చెప్పిందే గద తప్పు పోయింది. ఇంకొకలు దిద్దితే ఎట్ల?" అన్నది. శేఠు నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆయన బిడ్డను అక్కడే వదిలి పోయాడు, అంటే ఒప్పుకున్నట్టే.

తెల్లారి బస్సు వచ్చే వేళకు పిల్ల మైకు ముందు నిలబడింది. బస్సు ఆగే చోటు బడికి ఎదురుగానే. నర్సమ్మ పెట్టె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. సాగనంపడానికి ఎవరూ రాలేదు, పోయేదాకా చూడటానికి మాత్రం చాలామంది తలుపుల చాటున ఉన్నారు.

"నేను నాలుగో తరగతి పిల్లను. నిన్న నేను చెప్పిన మాటల మందు అన్న. గా మాట ఇయ్యాల చెప్తలేను. నిన్న మాపటికి నర్సమ్మ మన బాయి నీళ్లు తాగింది. నేను చూసిన. నేను గూడ తాగిన. మా సారు తాగిండు. తెల్లారింది. నాకేం గాలే. ఇగో, మాట్లాడుతున్న. నర్సమ్మ పోతే, నా గొంతు నొస్తే ఎవరు చూస్తరో చెప్పుండ్రి."

చివరి మాట మేము రాసుకున్నది కాదు, ఆమెకు అప్పుడే తోచింది. హారన్ ఆ గొంతును ఎత్తుకుని వాగు దాటించింది. పెంకులు అదిరాయి. ముందు ముసలవ్వ బయటికి వచ్చింది, మనుమడి చేయి పట్టుకుని. బావి దగ్గరికి నడిచి చేద వేసింది. తర్వాత సర్పంచు వచ్చాడు. జనం ముందు దోసిలి పట్టి తాగి, మీసాలు తుడుచుకుని, బస్సు దిక్కు తిరిగి, "నర్సమ్మా, పెట్టె దించు" అన్నాడు. నర్సమ్మ అప్పటికే ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఆ కాలు కిందికి దించింది. కండక్టరు విసుక్కుని విజిల్ వేశాడు. బస్సు ఖాళీగా పోయింది.

ఇప్పుడు పొల్లు సంగతి.

కాకులూ, కప్పలూ, పాలివ్వని బర్రె, వాటిని మీరే చెరుగుకోండి. నేను నిజంగా కల్పించింది ఆ చివరి పొద్దు హారన్ మోత. ఆ పొద్దు అది మోగలేదు. కరెంటు పోయింది. ముసలవ్వ రాలేదు, సర్పంచు రాలేదు. ఊరికి ఏమీ వినపడలేదు. ఆ పిల్ల మొదటి మాట అనగానే పెంకులు అదరకపోవడం నాకూ తెలిసింది, ఆమెకూ తెలిసింది. "ఆపు బిడ్డా, కరెంటు లేదు" అన్నాను. ఆపలేదు. మైకు బల్ల మీద పెట్టి వసారా అంచుకు వచ్చి, "బస్సు కాడికి ఇనవడుతది సార్" అని, గొంతు పెంచి మళ్లీ మొదటినుంచి చెప్పింది.

నర్సమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి, చివరి మాట దాకా నిలబడి విన్నది. తర్వాత రెండో కాలు కూడా పైకి పెట్టింది.